పెక్కు చెవుల వినికిడి

కాగజ్‌నగరము పేరులోనే కాగితమున్నది. పూర్వము కొత్తపేటగా నుండిన ఈ యూరు, 1938లో సిర్పూరు కాగితపు మిల్లు ఏర్పడి, 1942లో అందు కాగితము తయారగుట మొదలైన పిమ్మట, ఆ కాగితము పేరనే నగరమైనది. కాజీపేట నుండి బల్హార్షాకు పోవు రైలు మార్గమున, టేకు అడవుల నడుమ నున్న ఈ పట్టణమునకు చిరకాలము వార్తలు రెండు దారుల వచ్చెడివి. ఒకటి రైలులో దిగు కాగితము. రెండవది ఆకాశమున వచ్చు అల. కాగితము ఆలస్యముగ వచ్చినను చెక్కు చెదరక వచ్చును. అల రెప్పపాటులో వచ్చును గాని, అందు మాట యెంత మిగిలి వచ్చునో ముందుగ చెప్పజాలము. దూరము నుండి వచ్చు బలహీనమైన అలను ఒక్క ఏరియలుతో గాక పెక్కు ఏరియళ్లతో విని, అందలి మాటను రొద నుండి వేరు చేయుట మానవుడు ఎట్లు నేర్చెనో చెప్పుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

నిజాము రాజ్యమున దక్కన్ రేడియో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో ప్రసారములు ప్రారంభించెను. 200 వాట్లనగా ఇంటిలోని రెండు మూడు పంకాలు తిరుగుటకు చాలినంత విద్యుత్తు మాత్రమే. పిదప సరూర్‌నగరమున హెచ్చు శక్తి గల ప్రసారయంత్రము వెలసెను. 1950 ఏప్రిల్ 1న ఆ కేంద్రము భారత ప్రభుత్వమున కధీనమైనది. హైదరాబాదు నుండి కాగజ్‌నగరమునకు తిన్నని గీత గీచినచో సుమారు 240 కిలోమీటర్లుండును. ఆదిలాబాదులో ఆకాశవాణి కేంద్రము వెలసినది 1986లో. అనగా అర్ధశతాబ్ద కాలము ఈ ప్రాంతపు రేడియో గృహములు దూరపు కేంద్రముల మీదనే ఆధారపడి యుండెను.

ఆనాటి ఏరియలు నెరుగని వారు నేటి పిల్లలలోనే యుందురు. ఇంటి కప్పు మీద రెండు వెదురు గడలు, వాని నడుమ లాగి కట్టిన రాగి తీగ, కిటికీ సందుగుండ లోనికి దిగు మరియొక తీగ, నేలలో పాతిన ఎర్తు. వేసవిలో ఆ ఎర్తు పాతిన చోట చెంబెడు నీరు పోయుట ఇంటిలో నొకరి పని. ఇంత చేసినను, ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఒక వింత జరిగెడిది. వార్తలు చదువు వారి గొంతు ప్రక్క గదిలో నున్నట్లు స్పష్టముగ వినవచ్చి, అంతలో బావి లోనికి దిగినట్లు సన్నగిల్లి, మరల పైకి వచ్చెడిది. ముఖ్యమైన మాట సరిగా ఆ సన్నగిల్లిన క్షణముననే చదివిరని ప్రతి యింటిలోను వాదము. కొందరు రేడియోను తట్టుచు, కొందరు బ్యాటరీని నిందించుచు నుండెడివారు. తప్పు రేడియోది గాదు, బ్యాటరీది గాదు. ఆకాశముది.

ప్రసారకేంద్రము నుండి బయలుదేరిన అల రెండు దారుల ప్రయాణము చేయును. ఒకటి నేలను అంటుకొని వచ్చు దారి. రెండవది పైకి పోయి, భూమికి సుమారు 100 కిలోమీటర్లు మొదలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తున నున్న అయనోస్ఫియరు అను విద్యున్మయమైన పొరలను తాకి, అద్దమున పడిన వెలుగు వలె క్రిందికి మరలి వచ్చు దారి. మీడియం వేవుకు ఈ రెండవ దారి రాత్రివేళనే బాగుగా తెరచుకొనును. రెండు దారుల వచ్చిన అలలు మన తీగ మీద కలిసికొనును. శిఖరము శిఖరముతో కలిసినచో మాట బలపడును. శిఖరము లోయతో కలిసినచో ఒకదాని నొకటి చెరిపివేసికొనును. పైనున్న పొర స్థిరమైనది కాదు. గాలికి కదలు తెర వంటిది. కావున ఈ కలయిక క్షణక్షణము మారుచుండును. దీనికే ఇంజనీర్లు ఫేడింగు అని పేరిడిరి. తెలుగున క్షీణత యనవచ్చును.

ఈ క్షీణతకు మందు కనుగొన్నది గ్రంథాలయములో గాదు, పొలములో. అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకు చెందిన బెవరేజి, పీటర్సను అను ఇంజనీర్లు సముద్రము దాటి వచ్చు షార్టువేవు టెలిగ్రాఫు సంకేతములను వినుచు ఒక విశేషమును గుర్తించిరి. ఒక ఏరియలు దగ్గర మాట సన్నగిల్లిన క్షణముననే, అచటికి కొన్ని వందల అడుగుల దూరమున నున్న మరియొక ఏరియలు దగ్గర అదే మాట గట్టిగా వినవచ్చుచుండెను. క్షీణత అన్ని చోట్ల ఒకే సారి రాదు. మేఘపు నీడ వలె ఒక చోటి నుండి మరియొక చోటికి తిరుగుచుండును. అట్లయినచో ఒక చెవి గాక మూడు చెవులు పెట్టి, ఏ చెవికి వినబడిన దానితో ఆ చెవితో వినిన సరిపోవును గదా! వారు ఈ పద్ధతిని 1931లో ప్రకటించిరి. దీనికి డైవర్సిటీ రిసెప్షను అని పేరు.

ఇందలి లాభమును గుణించి చూడవచ్చును. ఒక ఏరియలు పది క్షణములలో ఒక క్షణము వినరానిదగుననుకొందము. రెండు ఏరియళ్ల క్షీణతలు ఒకదానితో నొకటి సంబంధము లేనివైనచో, రెండును ఒకే సారి మూగవోవుట నూటికొక క్షణము. మూడు ఏరియళ్లయినచో వేయికొక క్షణము. ప్రసారకేంద్రపు శక్తిని రవంతయు పెంపక, వినువాని తీగలను పెంచి సాధించిన లాభమిది. కాని ఒక చిక్కున్నది. రెండు ఏరియళ్లు తరంగదైర్ఘ్యమునకు తగిన ఎడమున నున్నగాని వాని క్షీణతలు వేరుపడవు. హైదరాబాదు కేంద్రపు మీడియం వేవు తరంగదైర్ఘ్యము 400 మీటర్లకు పైమాట. ఒక అల పొడవులోనే కాగజ్‌నగరమున నొక వీధి యంతయు ఇమిడిపోవును. కావున ఈ మందు సంపన్నమైన రిసీవింగు కేంద్రములకే గాని, రెండు గడల ఏరియలు గల గృహస్థునకు అందుబాటైనది గాదు. ఢిల్లీ నుండి వచ్చు తెలుగు వార్తలను ప్రాంతీయ కేంద్రములు షార్టువేవు మీద పట్టి తిరిగి ప్రసారము చేసిన ఆ దినములలో, శ్రోతకు చేరు మాట అట్టి కేంద్రముల వినికిడి శక్తిమీదనే ఆధారపడి యుండెను.

ఏరియళ్లు పెక్కైన పిమ్మట మరియొక ప్రశ్న పుట్టెను. బలమైన దాని నొక్కదానినే యెన్నుకొని తక్కిన వానిని విడిచివేయుటయా, లేక అన్నిటిని కలుపుటయా? పంచాయితీలో పెద్దమనిషి యేమి చేయునో చూడుడు. అయిదుగురు సాక్షులున్నప్పుడు ఒక్కని మాట విని నలుగురిని పొమ్మనడు. అందరి మాటను సమానముగను తీసికొనడు. ఎవడు దగ్గర నుండి చూచెనో వాని మాటకు ఎక్కువ తూకము, చీకటిలో దూరము నుండి చూచిన వాని మాటకు తక్కువ తూకము ఇచ్చి, అన్నిటిని కలిపి నిర్ణయించును. ఇంజనీర్లును తుదకు ఇదియే చేసిరి. 1954లో కాన్ అను నతడును, 1959లో ఈ పద్ధతులన్నిటిని ఒక చోట చేర్చి తూచిన బ్రెన్నను అను నతడును, ప్రతి ఏరియలుకు దాని బలము ననుసరించి తూకమిచ్చి కలుపుటయే శ్రేష్ఠమని గణితముతో చూపిరి. అంతకు ముందే, 1937లో, బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్రీస్, ఫెల్డ్‌మన్ అను వారు ఆరు పెద్ద ఏరియళ్లను వరుసగా నిలిపి, వాని మాటలను తగిన ఆలస్యములతో కలిపి, ఏ కోణము నుండి వచ్చు అలను ఆ కోణము నుండి వేరుగా వినవచ్చునని నిరూపించి యుండిరి. ఏరియళ్లు కదలకున్నను వాని చూపు కదలెను.

ఈ చరిత్రలో తెలుగుదేశమునకు వచ్చిన వంతు ఇచట మొదలగుచున్నది. రేడియో వారు శత్రువుగా నెంచిన క్షీణతను శాస్త్రజ్ఞులు దూతగా చేసికొనిరి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పరిశోధించి, పిమ్మట ఆకాశవాణి ఇంజనీరింగు శాఖలో పనిచేసిన ఎస్. ఎన్. మిత్ర 1949లో ఒక ఉపాయమును ప్రకటించిరి. నేల మీద మూడు చోట్ల మూడు ఏరియళ్లను త్రికోణముగా నిలిపి, ఆకాశపు పొర నుండి మరలి వచ్చు ఒకే సంకేతపు క్షీణతను మూడు చోట్లను వ్రాసికొనవలెను. ఒక ఏరియలు దగ్గర కానవచ్చిన హెచ్చుతగ్గుల తీరే కొంచెము ఆలస్యముగ రెండవ దాని దగ్గర, మూడవ దాని దగ్గర కానవచ్చును. ఆ ఆలస్యములను బట్టి పైనున్న పొర యే దిక్కునకు, ఎంత వేగముతో కదలుచున్నదో లెక్క కట్టవచ్చును. నేల మీది నీడ వేగము పై పొర వేగమునకు రెట్టింపని కూడ ఆ లెక్కలో తేలును.

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర శాఖలో ఆచార్య భావరాజు రామచంద్రరావుగారును వారి శిష్యులును 1950ల దశకమున ఈ మూడేరియళ్ల పద్ధతిని చేపట్టిరి. సముద్రపు టొడ్డునున్న ఆ కొండ మీద నుండి అయనోస్ఫియరు లోని కదలికలను కొలిచి, దేశవిదేశ పత్రికలలో ప్రకటించిరి. 1957 జూలై నుండి 1958 డిసెంబరు వరకు జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము కూడ ఆ దశకములోనిదే. వాల్తేరు భూమి అయస్కాంత మధ్యరేఖకు చేరువ నుండుట చేత, అచటి కొలతలకు శీతల దేశముల కొలతలకు లేని విలువ కలదు. కాగజ్‌నగరమున గృహస్థుని విసిగించిన ఫేడింగు వంటిదే వాల్తేరున శాస్త్రజ్ఞునకు ఆకాశపు పొరల నడకను తెలుపు సాధనమైనది.

అదే విశ్వవిద్యాలయమున గణితము చదివిన మరియొక తెలుగువారు ఈ కథకు వేరొక వైపు నుండి వచ్చిరి. వారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920లో జన్మించి, 2023లో నూటరెండేండ్ల వయసున పరమపదించిన సి. ఆర్. రావుగారు రేడియో నిర్మించిన వారు కారు; సంఖ్యాశాస్త్రవేత్త. కాని సంకేతమును కనిపెట్టుట యనునది మొదట సంఖ్యాశాస్త్రపు ప్రశ్న. తీగ మీదికి వచ్చినది మాటయా, లేక ఉరుము, మోటారు, యంత్రపు వేడిమి మొదలగు వానివలన పుట్టిన వట్టి రొదయా? రొదలో మునిగిన దానిని ఎంత ఖచ్చితముగా తెలిసికొనవచ్చును? 1945లో వారు కలకత్తాలో ప్రకటించిన వ్యాసమున, ఇంత సమాచారము నుండి ఇంతకు మించిన ఖచ్చితత్వము ఎవరికిని సాధ్యము కాదను హద్దును నిరూపించిరి. స్వీడను దేశపు క్రామెరు అను గణితజ్ఞుడును స్వతంత్రముగ దానిని కనుగొనుట చేత అది క్రామెర్-రావు హద్దుగా లోకప్రసిద్ధమైనది. 1948లో వారు ప్రకటించిన పరీక్షావిధానమును నేటి రాడారు ఇంజనీర్లు రావు పరీక్ష యనియే పిలుచుచు, రొదలో దాగిన బలహీన సంకేతమును పట్టుటకు వాడుచున్నారు. ఏరియళ్లెన్ని యున్నను, అవి తెచ్చిన దానిని తూచు త్రాసు ఇట్టి గణితము నుండియే వచ్చినది.

వాల్తేరున మూడు ఏరియళ్లతో నడచిన ఆకాశపరిశోధన, తిరుపతి చేరువనున్న గాదంకిలో విశ్వరూపము దాల్చినది. 1990ల దశకమున పనిచేయ నారంభించిన ఆ ఎం.ఎస్.టి. రాడారునకు 1,024 యాగి ఏరియళ్లు. ప్రక్కకు 32, పొడవునకు 32 చొప్పున, 130 మీటర్ల చదరములో నిలిచి యున్నవి. అందులో నొకటియు తిరుగదు. ఒక్కొక్కదానికి పంపు అలను రవంత ముందు వెనుకలు చేసి, మొత్తపు చూపును ఆకాశమున కోరిన వైపునకు త్రిప్పుదురు. పై గాలుల నుండి మరలి వచ్చు అతి సన్నని ప్రతిధ్వనిని వేయి పైచిలుకు చెవులు కలసి వినును. మన టెలివిజను కాలమున ఇండ్ల కప్పుల మీద నిలిచిన ఏరియళ్లకు ఇవి చుట్టములే.

ఇంతవరకు వచ్చిన కథలో పంపువాడు ఒక్కడే. పంపిన మాటయు నొక్కటే. దానిని పెక్కు చెవులతో వినుటయే నేర్పు. అల పెక్కు దారుల చెదరి వచ్చుట కీడేగాని మేలు గాదని అందరు నెంచిరి. 1990ల దశకమున ఈ యెంచుట తలక్రిందులైనది.

దానిని తలక్రిందులు చేసిన వారిలో మొదటివారు తమిళనాడున పొల్లాచిలో జన్మించిన ఆరోగ్యస్వామి పౌల్‌రాజుగారు. వారు భారత నౌకాదళమున నుండి, సముద్ర గర్భమున పెక్కు చెవులతో వినునట్టి అప్సో అను సోనారును స్వదేశమున నిర్మింపజేసిన ఇంజనీరు. తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, 1992లో ఒక ఆలోచన చేసిరి. పంపు వైపునను పెక్కు ఏరియళ్లు పెట్టి, ఒకే తరంగము మీద, ఒకే సమయమున, ఒక్కొక్కదాని నుండి ఒక్కొక్క వేరు మాటను పంపినచో నేమి? గోడలు, చెట్లు, గుట్టలు అలలను చెదరగొట్టుట చేత, ఒక్కొక్క పంపు ఏరియలు మాట వినువాని ఏరియళ్ల మీద ఒక్కొక్క వేరు జాడను వదలును. జాడలు వేరైనచో మాటలను వేరు చేయవచ్చును. కైలత్ గారితో కలసి వారు కోరిన పేటెంటు 1994లో లభించెను. 1996లో బెల్ ప్రయోగశాలకు చెందిన ఫోషినీ దీనికి సమగ్రమైన రూపమిచ్చెను. 1998లో ఆ ప్రయోగశాల వారు ఎనిమిది ఏరియళ్లతో పంపి, పండ్రెండు ఏరియళ్లతో విని, అంతవరకు ఎవరును ఊహింపని వేగమును ఒక గదిలో సాధించి చూపిరి. ఈ పద్ధతికే నేడు మైమో అని పేరు. శత్రువనుకొన్న చెదరిన దారి యిచట సంపదయైనది.

కాని సంపదకు సుంకమున్నది. ఆ సుంకము వినువాని నెత్తిన పడెను.

పెండ్లి పందిరిలో నలుగురు ఒకేసారి నాలుగు మాటలు చెప్పుచుండగా, నాలుగు మూలల నిలిచిన నలుగురు వినుచున్నారనుకొందము. ప్రతివాని చెవిలోను నాలుగు మాటలును కలగలసి పడును. ఎవరి గొంతు ఏ మూలకు ఎంత బలముగ చేరుచున్నదో ముందుగా తెలిసికొనవలెను. అందుకై పంపువాడు అప్పుడప్పుడు ఇద్దరికి ముందే తెలిసిన సంకేతములను పంపును. ఈ తెలిసికొనుట యెంత ఖచ్చితము కాగలదో చెప్పుటకు నేటికిని ఇంజనీర్లు ఆశ్రయించునది సి. ఆర్. రావుగారి హద్దునే. అది తెలిసిన పిమ్మట, అసలు ఏ నాలుగు మాటలు పలుకబడినవో తేల్చవలెను.

తప్పులేని దారి యొకటి కలదు. పలుకదగిన అన్ని కూర్పులను ఒక్కొక్కటిగ తీసికొని, వినబడిన దానితో పోల్చి, అన్నిటికన్న దగ్గరగా నున్న దానిని గ్రహించుట. ఒక్కొక్క ఏరియలు 16 సంకేతములలో నొకదానిని పంపుననుకొన్నచో, రెండు ఏరియళ్లకు 256 కూర్పులు. నాలుగింటికి 65,536. ఎనిమిదింటికి 4,29,49,67,296. అనగా నాలుగు వందల కోట్లకు పైమాట. అదియు ఒక్క సంకేతమునకు. సెకనుకు అట్టివి లక్షలు వచ్చును. ఈ పద్ధతిన పనిచేయు ఫోనును ఏ బ్యాటరీయు మోయజాలదు. ఏరియళ్లను పెంచుట తేలికయైనది. అవి తెచ్చిన మాటను విప్పుట అసాధ్యమైనది. అప్పటి నుండి ఇప్పటి వరకు ఈ విద్య చరిత్ర యనగా ఆ లెక్కను తగ్గించిన చరిత్రయే.

మొదటి ఉపాయము సమీకరణములు సాధించుట వంటిది. నాలుగు తెలియని వానికి నాలుగు సమీకరణములున్నవి గదా యని త్రిప్పి సాధింతురు. లెక్క స్వల్పము. కాని రెండు గొంతుల జాడలు ఇంచుమించు నొకటే యైనప్పుడు, వానిని బలవంతముగ విడదీయబోయి రొదను పెంచి తెచ్చుకొందురు. రొద యెంత యున్నదో కూడ లెక్కలోనికి తీసికొని, పూర్తిగా విడదీయుటకు పంతగింపక మధ్యేమార్గము పట్టుట దీనికి దిద్దుబాటు. రెండవ ఉపాయము 1998 నాటి ప్రయోగమున వాడినది. అన్నిటిలో స్పష్టమైన గొంతును ముందు గుర్తించి, వినబడిన దాని నుండి దానిని తీసివేసి, మిగిలిన వానిలో స్పష్టమైన దానిని పట్టుట. చిక్కుపడిన నూలును వదులుగ నున్న కొస నుండి విప్పుట వంటిది. మొదటి కొస తప్పుగా లాగినచో మాత్రము తక్కినదంతయు బిగిసికొనును.

మూడవ ఉపాయము సంఖ్యాగణితము నుండి వచ్చినది. ఫింకె, పోస్టు అను గణితజ్ఞులు 1985లో, రేడియోతో నే సంబంధము లేని యొక ప్రశ్నకై, జాలము వలె పరచుకొనిన బిందువులలో దగ్గరి దానిని వెదకు విధానమును వ్రాసిరి. 1999లో వితెర్బొ, బుత్రోస్ అను వారు దానిని క్షీణతతో వచ్చు సంకేతములకు అన్వయించిరి. దీని తీరు మన అడవి యంచు పల్లెలకు తెలియనిది గాదు. తప్పిపోయిన దూడను వెదకువాడు అడవియంతయు తిరుగడు. గంట చప్పుడు వినవచ్చిన చోటి చుట్టు ఒక వలయమును మనసున గీచికొని అందులోనే వెదకును. దగ్గరగా నొక జాడ దొరికినచో వలయమును తగ్గించును. ఏ బాట నడుమనే వలయము దాటునో ఆ బాటను చివరి వరకు నడువడు. ఈ ఉపాయమున ఫలితము పూర్తిగా వెదకినప్పటి ఫలితమే; శ్రమ మాత్రము మిక్కిలి తక్కువ. అయినను రొద హెచ్చి వలయము పెద్దదైనప్పుడు గాని, ఏరియళ్లు పదులు దాటినప్పుడు గాని ఇదియు అలసిపోవును.

పదులు గాక వందల ఏరియళ్లైనచో ఏమి చేయవలెనన్న ప్రశ్నకు బెంగుళూరు లోని భారతీయ విజ్ఞాన సంస్థలో చొక్కలింగంగారు, సుందరరాజన్‌గారు, వారి శిష్యులు 2008లో ఒక సరళమైన సమాధానమును ప్రకటించిరి. మొదట స్థూలమైన యొక జవాబు వ్రాసికొని, అందు ఒక్కొక్క సంకేతమును మార్చి చూచి, మార్పువలన వినబడిన దానికి దగ్గరైనచో ఉంచుకొని, కానిచో విడిచి, ఇక మేలు కాదనువరకు సాగుట. ఏరియళ్లు కొలదిగా నున్నప్పుడు ఈ నడక మధ్యలోనే చిక్కుకొనును. వింత యేమనగా, ఏరియళ్లు పెరిగిన కొలదిని అది సరియైన జవాబునకు మరింత చేరువ యగును. భారము పెరిగినచో తడబడవలసినది తేరుకొన్నది. 2010లో అమెరికాలో మార్జెటా అను శాస్త్రజ్ఞుడు ఇంకొక మెట్టెక్కి, టవరు మీద వినువారి సంఖ్య కన్న ఎన్నో రెట్లు ఏరియళ్లున్నచో, ఒకరి జాడ మరియొకరి జాడతో దాదాపు కలియకపోవునని, అప్పుడు 1950ల నాటి తూకము వేసి కలుపు సామాన్య పద్ధతియే చాలునని చూపెను. చరిత్ర చుట్టు తిరిగి పంచాయితీ పెద్దమనిషి వద్దకే వచ్చినది.

ఈ విద్య మన సీమకును వచ్చియున్నది. సంగారెడ్డి జిల్లా కందిలో నున్న హైదరాబాదు ఐఐటీ వారు, వైసిగ్ నెట్‌వర్క్స్ అను సంస్థతో కలసి, స్వదేశమున రూపొందిన బహు ఏరియళ్ల 5జీ వ్యవస్థను 2021లో నడిపి చూపిరి. 2022 అక్టోబరు 1న దేశమున 5జీ సేవ లారంభమైనవి. ఆ తరంగములలో ముఖ్యమైన వాని పొడవు సుమారు 9 సెంటిమీటర్లు మాత్రమే. అందుచేత, కాగజ్‌నగరపు వీధి పొడవునకు గాని పట్టని పెక్కు చెవుల వినికిడి నేడు అరచేతి ఫోనులో నిమిడినది. ఒకనాడు సంపన్నమైన రిసీవింగు కేంద్రమున కే దక్కిన భాగ్యము కూలివాని జేబులోనికి వచ్చినది. ఆ ఫోను సాయంకాలము వరకు పనిచేయునా, మధ్యాహ్నమే మూగవోవునా యన్నది లోపలి లెక్క యెంత పొదుపైనదన్న దానిమీద కొంత ఆధారపడి యున్నది. లెక్కను తగ్గించుట పండితుల వినోదము గాదని మేము చెప్పుట ఇందుకే.

అయినను ఒక భేదమును మరువరాదు. పెక్కు మాటలను ఒకేసారి పంపి వేగము పెంచు కొత్త విద్యకు, బలమైన సంకేతమును, అలలను చెదరగొట్టు పరిసరములును కావలెను. అది జనము క్రిక్కిరిసిన నగరపు విద్య. టవరుకు మిక్కిలి దూరమున, సంకేతము అడుగంటిన చోట, అది అక్కరకు రాదు. అచట అక్కరకు వచ్చునది 1931 నాటి పాత విద్యయే: ఒకే మాటను పెక్కు చెవులతో విని, పడిపోకుండ పట్టుకొనుట. ఇదియు అదియు ఒకే ఏరియళ్ల సమూహముతో జరుగును. ఏది యెప్పుడన్నది యంత్రము నిర్ణయించుకొనును. కాని ఎన్ని టవర్లు ఎచట నిలుపవలెనన్నది యంత్రము నిర్ణయింపదు. 2016 నుండి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో నున్న కాగజ్‌నగరము దాటి అడవి లోపలికి పోవు పల్లెలకు, సెకనుకు ఎన్ని మాటలు వచ్చునన్నది కాదు ప్రశ్న; ప్రసవవేదన పడు ఇల్లాలి కొరకు పిలిచిన పిలుపు ఒక్కటి అందునా యన్నది ప్రశ్న.

నాడు వెదురు గడల మీది రాగి తీగ క్రింద కూర్చుండి, సన్నగిల్లిన గొంతు మరల పైకి వచ్చు వరకు చెవియొగ్గి నిరీక్షించిన మన పెద్దలు ఈ శాస్త్రమునందలి మొదటి పాఠము నెరుగుదురు. మాట రాలేదని రేడియో కట్టివేయలేదు. మాట ఎచటనో ఉన్నదని నమ్మి కాచుకొనిరి. ఆ నమ్మకమునకు గణితమును, తీగలను, త్రాసును సమకూర్చుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. బలవంతుని గొంతు ఒక్క చెవికైనను అందును. బలహీనుని గొంతు అందవలెనన్న పెక్కు చెవులు కావలెను.